చేయి పట్టి దిద్దించడం

...అయినా చిన్నప్పుడు బాపు తన చేయి పట్టుకున్నది దిద్దించడానికేనా? ఆ ప్రశ్న పొద్దున్నుంచీ ప్రమీలాదేవిని వదలడం లేదు. సిద్దిపేట మిషన్ బడి వరండాలో ఇసుక పరిచి ఉంది. దాని చుట్టూ చాపల మీద, ఆమె దగ్గర పంతులమ్మలుగా తర్ఫీదు పొందుతున్న ఆడవాళ్లు కూర్చున్నారు. రేపు తమ ఊళ్లకు వెళ్లి పసిపిల్లల తరగతులు మొదలుపెడతారు. ఇవాళ చివరి పాఠం. దాన్ని ఆమే చేసి చూపాలి.

చెప్పడం సులువు. పిల్ల చేయి పట్టొద్దు, అక్షరం చూపించి ఊరుకోండి, వేలు తన దారి తనే వెతుక్కుంటుంది. యుద్ధం ముగిసిన ఏడు మద్రాసు వెళ్లి నేర్చుకొచ్చిన పద్ధతి. వానాకాలమంతా అదే చెప్పింది. నమ్మే చెప్పింది.

వాళ్లలో ఒకతె, కొమురవ్వ, తన నాలుగేళ్ల కూతురు పోశిని తెచ్చి ఇసుక ముందు కూర్చోబెట్టింది. ప్రమీలాదేవి పెద్దగా 'అ' రాసి చూపింది.

"ఇగ నువ్వు రాయి బిడ్డా."

పోశి వేలు చాపింది. చేయి గాలిలోనే ఆగిపోయింది.

"ఏందే కొమురా, నీ బిడ్డ చేతికి పల్లకి కావాల్నా?" అంది ఎల్లవ్వ. అందరూ నవ్వారు.

"ఇంట్ల నేనే పట్టి దిద్దిచ్చిన. పట్టందే రాయది," అని కొమురవ్వ తల దించుకుంది.

ప్రమీలాదేవి చేయి తనకు తెలియకుండానే వెళ్లి ఆ చిన్న పిడికిలిని అందుకుంది. అక్షరం ముద్దుగా వచ్చింది.

"గిదేంది పంతులమ్మా! పట్టొద్దంటిరి గదా? రేపు మేం ఊర్ల ఏం జెయ్యాలె, పట్టాల్నా ఇడువాల్నా?"

ఈసారి ఎల్లవ్వ నవ్వడం లేదు.

కన్నతండ్రే అయినా బాపు ముద్దు చేసే మనిషి కాదు. ఎత్తుకున్న గుర్తే లేదు. తెల్లవారగానే ఇసుక చదును చేసి, వెనక కూర్చుని, ఆమె చేతిని గుప్పిట్లోకి తీసుకునేవాడు. పొగాకు వాసన. మెడ మీద వెచ్చటి ఊపిరి. అక్షరాలన్నీ వచ్చాక కూడా రానట్టే కూర్చున్న పొద్దులున్నాయి, బాపు చేయి వదిలేస్తాడేమోనని. ఆ పద్ధతి తప్పని ఈ ఆడవాళ్ల ముందు ఒప్పుకుంటే, తనకు దొరికిన ఆ కాస్త ప్రేమ కూడా తప్పే అవుతుందా?

ప్రమీలాదేవి ఇసుక చదును చేసి మళ్లీ 'అ' రాసింది. పోశి మళ్లీ చేయి చాపి ఆపింది. పిల్ల చూపు అక్షరం మీద లేదు, ప్రమీలాదేవి చేతి మీద ఉంది. తను కూడా అప్పుడు అక్షరాన్ని ఎన్నడూ చూడలేదు. బాపు గోళ్లనీ, మణికట్టు మీది నరాన్నీ చూసింది. అవి ఇప్పటికీ గుర్తున్నాయి, పద్ధతి తప్పయినా వాటికి ఏమీ కాలేదు.

"పంతులమ్మా, జర చెయ్యి పట్టుకోండ్రి, పాపం," అంది కొమురవ్వ.

ప్రమీలాదేవి తన కుడిచేతిని వెనక్కి తీసుకుని, ఒడిలో కొంగు కింద పెట్టుకుంది.