ఎంగిలి చేసిన గాలి

వాన రాకముందు ఒక గాలి వస్తుంది.

తెల్లాపూర్‌లో అది ముందుగా క్రేన్లకు తెలుస్తుంది. తర్వాత సగం కట్టిన టవర్ల మీది ఆకుపచ్చ వలలకు. ఆ తర్వాత బాల్కనీల్లో ఆరేసిన బట్టలకు. అన్నీ ఒక్కసారి ఉబ్బుతాయి... దుమ్ము లేస్తుంది. ఎక్కడో ఒక తలుపు టప్పున కొట్టుకుంటుంది.

ఆ గాలి సంయుక్తకు కావాలి.

గాలి కాదు — గాలి శబ్దం. ఫోన్‌లో పట్టి దాచుకునేది కాదు. తన చేత్తో పుట్టించేది. కరెంటులోంచి, వైర్లలోంచి, ఏమీ లేని చోటులోంచి.

మాదాపూర్ ఆఫీసులో పగలంతా ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆమె ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. గదిలో ఒక పెట్టె ఉంది. మాడ్యులర్ సింథసైజర్ అంటారు. పేరు పెద్దది గానీ సంగతి చిన్నదే. చెక్క పెట్టెలో వరసగా బిగించిన లోహపు పలకలు. ఒక్కో పలకకు ఒక్కో పని. ఒకటి శబ్దాన్ని కంటుంది. ఒకటి దాన్ని కోస్తుంది. ఒకటి తలుపులా తెరుచుకుని మూసుకుంటుంది. ఏ పలక మాట ఏ పలక వినాలో రంగురంగుల వైర్లు గుచ్చి మనమే చెప్పాలి. అలా గుచ్చిన అల్లికను ప్యాచ్ అంటారు.

దానికి జ్ఞాపకం లేదు.

కంప్యూటర్‌లోలాగా దాచుకోవడం కుదరదు. వైరు పీకితే పోయినట్టే. పలక మీద తిప్పే నాబ్ వెంట్రుకవాసి కదిలితే ఇందాకటి శబ్దం ఇందాకే పోయినట్టే. అందుకే ఆ పెట్టెలు పెట్టుకున్నవాళ్ల మధ్య ఒక ఆచారం. ఒకరి ప్యాచ్ మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు. శనివారాలు కొండాపూర్ కెఫేలో కలిసే ఆ కొద్దిమందీ దాన్ని ఎంగిలి చెయ్యడం అంటారు. ఎవరి విస్తరి వాళ్లది.

పెట్టె పక్కన ఒక పాత జపాన్ సింథసైజర్. ఎప్పుడో ఆర్కెస్ట్రా పార్టీతో పెళ్లిళ్లన్నీ తిరిగింది. మీటల సందుల్లో ఇంకా పసుపు ఉంది. ముసలి ప్రాణం — వేడెక్కేదాకా శ్రుతిలో నిలవదు. సంయుక్త దాని వేళాపాళా అన్నీ ఎరుగును. వేడెక్కనిచ్చేది. ఆగేది. శ్రుతి చేసేది. మళ్లీ ఆగేది.

ఏళ్లు అలాగే గడిచాయి.

గాలి కోసం తిప్పితే ప్రెషర్ కుక్కర్ వచ్చింది. గాలి కోసం తిప్పితే ఫ్లైఓవర్ ఎక్కుతున్న లారీ వచ్చింది. గాలి మాత్రం రాలేదు. హాల్లోంచి వాళ్లమ్మ పుణ్యవతి ఆ గుయ్యిమనే మోత కాస్త తగ్గించమని, సీరియల్ వినపడి చావడం లేదని అరిచేది. కాకినాడ వదిలి ఇన్నేళ్లయినా ఆవిడ గొంతు తగ్గలేదు. సంయుక్త తగ్గించేది.

అప్పుడు రోహిణి వచ్చింది.

ఆఫీసులో అదే టీము. అదే పని, అదే జీతం. బోరబండ పిల్ల. లోకల్ రైల్లో వస్తుంది, దిగి నవ్వుకుంటూ వస్తుంది. క్యాంటీన్‌లో పెట్టె సంగతి విని, జర చూస్తనక్కా అని ఒక శనివారం ఇంటికి వచ్చేసింది.

పాత సింథసైజర్ స్విచ్ వేసీ వెయ్యగానే శ్రుతి చెయ్యడం మొదలుపెట్టింది. చల్లగా ఉన్నప్పుడు చెయ్యకూడదని సంయుక్తకు తెలుసు. చెప్పలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. అనుకున్నట్టే కాసేపటికి శ్రుతి జారింది, కిందికి, ఇంకా కిందికి... రోహిణి పగలబడి నవ్వింది. తాగొచ్చి పాడే తమ పక్కింటి మామ గొంతులా ఉందని, ఉండనీ అని అలాగే వదిలేసి, దాని మీద ఇంకేదో కలిపింది.

బాగుంది.

బాగుండటమే సంయుక్తకు బాగాలేదు.

ఇలాంటివి మొదట చీమ కుట్టినట్టే ఉంటాయి. దులిపేసుకోవచ్చు. సంయుక్త దులిపేసుకుంది. మళ్లీ రమ్మంది. సాయంత్రం కెఫే గుంపులోకీ తీసుకెళ్లింది. టీ ఇచ్చింది. ఏ పలక ఏం చేస్తుందో ఓపిగ్గా చెప్పింది. చెప్పేటప్పుడు తాను పెద్దది. రోహిణి వైరు పట్టుకోగానే తాను చిన్నది. ఈ పెరగడం తరగడం ప్రతి శనివారం జరిగేది. ఆ పిల్లకు తప్పు చేస్తే సిగ్గు లేదు, అదే అసలు మంట. సంయుక్త తప్పు చేస్తే వైరు పీకేస్తుంది. రోహిణి తప్పు చేస్తే దాని పక్కన కూర్చుంటుంది.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. చెవులకు ఎలా ఉంటుందో ఎవరూ అడగరు.

జూన్ వచ్చింది. మబ్బులు వచ్చాయి, వాన రాలేదు. కెఫే గుంపును నడిపే శ్యామ్ ఒక కబురు తెచ్చాడు. ఆదివారం సాయంత్రం మాదాపూర్‌లో ఒక మేడ మీద కచేరీ. మన గుంపు నుంచి ఒక్కరికే చోటు. సంయుక్త, రోహిణి ఇద్దరూ వినిపిస్తే ఎవరో తేల్చుదాం అన్నాడు.

శుక్రవారం సాయంత్రం తెల్లాపూర్ వచ్చాడు. పెట్టె ఒక్కటే కాబట్టి ఒకరి తర్వాత ఒకరు. ముందు సంయుక్త. విన్నాడు. చాలా నీట్‌గా ఉందండీ అన్నాడు. సంయుక్త తన వైర్లన్నీ పీకి పక్కకు తప్పుకుంది.

తర్వాత రోహిణి. గుచ్చుతూ, పీకుతూ, తనలో తాను గొణుక్కుంటూ చాలాసేపు కూర్చుంది. చివరికి చేతులు తీసేసింది.

గాలి వచ్చింది.

అదే గాలి. సన్నగా మొదలై, ఆగి, ఏదో మర్చిపోయినట్టు మళ్లీ వచ్చి... కింద ఎక్కడో పాత సింథసైజర్ ఒక్క స్వరం పట్టుకుని నేలలా పరుచుకుని ఉంది. దాని మీదుగా గాలి. సంయుక్త ఏళ్ల తరబడి పిలిచిన గాలి. అది పిలవని రోహిణి దగ్గరికి వెళ్లి నిలబడింది.

శ్యామ్ తల తిప్పాడు. కిటికీ వైపు చూశాడు. అంతే. నీట్‌గా ఉందన్న మాట తన ముఖాన కొట్టినట్టయింది సంయుక్తకు.

అందరికంటే ముందు తనే నోరు తెరిచింది. రోహిణినే పంపండి, పెట్టె నాదే తీసుకెళ్లండి, ఆదివారం దాకా ఈ ప్యాచ్ ఇలాగే ఉంచుతా అంది. ఎంత మంచిదో. పుణ్యవతి లిఫ్టు దాకా వెళ్లి రోహిణిని సాగనంపి వచ్చి, ఆ పిల్ల చెయ్యి మంచిదే అంది. సంయుక్త కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

శనివారం ఉదయం. ఎండ. మబ్బు జాడ లేదు.

గది తలుపు తీసింది. ప్యాచ్ అలాగే ఉంది. పసుపు వైర్లు, నీలం వైర్లు, ఒకదాని మీద ఒకటి, ఎవరో తల దువ్వుకోకుండా వెళ్లిపోయినట్టు. ఇంత చిందరవందరలోంచా అది వచ్చింది?

పీకెయ్యాలనిపించింది. పీకితే తెలిసిపోతుంది. పీకకుండా... ఒక్క నాబ్.

ఫిల్టర్ అనే పలక మీద ఒక నాబ్ ఉంటుంది. కొంచెం తిప్పితే శబ్దానికి అంచు వస్తుంది. ఎక్కువ తిప్పితే ఈలలా కూత పెడుతుంది. సరిగ్గా కూతకు ముందు, గట్టు మీద నిలబెడితే చాలు. రేపు నలుగురి మధ్య, ఆ గాలి ఉన్నట్టుండి కూత పెడుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. యంత్రం కదా, ఏదో అయింది అనుకుంటారు.

పెట్టె ఆన్ చేసింది. పాత సింథసైజర్ ఆన్ చేసింది. పాడు చెయ్యడానికి కూడా పద్ధతిగా వేడెక్కనిచ్చింది. ఎంతైనా పెంపకం.

గాలి మొదలైంది.

చెయ్యి పెట్టింది. ఎంగిలి — అని మనసులో ఎవరో అన్నారు. తిప్పింది. పళ్లు బిగబట్టి, కోపంతో, ఇన్నేళ్ల గుయ్యిమనే మోతంతా ఆ రెండు వేళ్లలోకి తెచ్చుకుని తిప్పింది.

కూత రాలేదు.

చినుకు పడింది.

ఒకటి. తర్వాత దూరంగా ఇంకొకటి. గాలి లోపల ఎక్కడో తడి — టప్... టపటప... మళ్లీ ఆగి, టప్. రేకుల మీద కాదు, ఆకుల మీద కాదు. ఎండిన మట్టి మీద పడి మాయమయ్యే చినుకులు. శబ్దానికి వాసన ఉంటుందా? ఉంది. సంయుక్తకు వచ్చింది.

చెయ్యి ఇంకా నాబ్ మీదే ఉంది. ఊపిరి తీస్తే కదులుతుందేమోనని ఊపిరి తియ్యలేదు.

అప్పుడు హాల్లో చప్పుడు. పుణ్యవతి పరుగు. బాల్కనీ తలుపు జరిపిన శబ్దం. క్లిప్పులు ఊడదీస్తున్న శబ్దం. చేతుల నిండా బట్టలతో గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనక హాలంతా ఎండ. ఆవిడ ముఖం నిండా అయోమయం.

"ఇదేంటే... వాన పడలేదా?"

సంయుక్త కళ్లలో నీళ్లు తిరిగాయి. లేదమ్మా, పడలేదు, వెళ్లి మళ్లీ ఆరెయ్యి అంది. వాళ్లమ్మ గొణుక్కుంటూ వెళ్లింది. ఆ పిల్ల ఏం చేసిందో గానీ నిజంగా వానే అనుకున్నానంటూ వెళ్లింది.

ఆ పిల్ల.

నేను చేశానమ్మా, అనాలి. అంటే అమ్మ అడుగుతుంది. ఏం చేశావు, ఎందుకు చేశావు, రెండూ ఒకే వైరుకు రెండు కొసలు. ఒకటి లాగితే రెండోది వస్తుంది.

నాబ్ వెనక్కి తిప్పి రోహిణి గాలిని రోహిణికి ఇచ్చేద్దామా? ఎక్కడ ఉండేదో గుర్తులేదు. గుర్తున్నా తిప్పేది కాదు. తనకు దొరికింది ఇదొక్కటే. ఏళ్ల తరబడి ప్రేమతో తిప్పితే రానిది, ఒక్కసారి కుళ్లుతో తిప్పితే వచ్చింది. ఈ సంగతి ఎవరితో చెప్పుకోవాలి? దేవుడితో చెప్పుకున్నా నవ్వుతాడు.

ఆదివారం మధ్యాహ్నం రోహిణి వచ్చింది. ఒకసారి విని బయల్దేరదామంది. విన్నది. నవ్వు ఆగిపోయింది. పెట్టె ముందు గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని, అయిపోయేదాకా విన్నది.

"అక్కా, ఎవరన్న ముట్టుకున్నరా?"

లేదు, అంది సంయుక్త. ఏసీ ఆపేశాను, ఎండకు జారి ఉంటుంది అంది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. నిజం కంటే నున్నగా ఉంది.

రోహిణి చాలాసేపు తల ఊపింది. "నువ్వేమో అనుకున్న. నువ్వే అయితే నా పక్కన కూసోబెట్టుకుంటుంటి. ఇద్దరి పేర్లు ఎయ్యమని శ్యామ్‌కు చెప్తుంటి."

సంయుక్త కారు తాళాలు వెతికింది. అవి చేతిలోనే ఉన్నాయి.

వైర్లు ఊడకుండా, నాబ్‌లు కదలకుండా రోహిణి పెట్టెను ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మేడ మీద మనుషులు. ఆదివారమైనా ల్యాప్‌టాప్ బ్యాగులు భుజం నుంచి దించకుండానే వచ్చినవాళ్లు. చుట్టూ అద్దాల భవనాలు, వాటి మీద ఇంకా ఆరని సాయంత్రం. గాలి మొదలవగానే మాటలు ఆగిపోయాయి. చినుకు పడగానే ముందు వరసలో ఒకాయన అరచెయ్యి చాపి చూసుకున్నాడు. పక్కనావిడ నవ్వలేదు. ఆవిడా చాపింది.

సంయుక్త వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ఆ చేతులన్నీ చాచింది తన కోసం. తన కోసమని వాళ్లకు తెలియదు. ఇన్నాళ్లూ రోహిణి చెయ్యి చూసి కడుపు మండేది. ఇవాళ తన చెయ్యి చూసుకున్నా మండుతోంది.

చప్పట్లు. ఎలా చేశావని శ్యామ్ మైకులో అడిగాడు. రోహిణి నిజమే చెప్పింది, తనకు తెలిసినంత నిజం. సగం తాను చేసిందట. సగం ఎండ చేసిందట. అందరూ నవ్వి ఎండ కోసం ఇంకోసారి చప్పట్లు కొట్టారు. సంయుక్త కూడా కొట్టింది.

మేడ ఖాళీ అయింది. అరువు తెచ్చిన గిన్నె కడిగి ఇచ్చినట్టు, అరువు పెట్టెను వైర్లు పీకి ఇవ్వాలి. అది కూడా ఆచారమే. శబ్దం ఇంకా నడుస్తూనే ఉంది, మెల్లగా, ఎవరి కోసమూ కాకుండా. రోహిణి ఒక నీలం వైరు పట్టుకుని ఆగింది.

"పీకబుద్ధి అయితలేదక్కా. ఎట్లొచ్చిందో తెల్వదు. మల్ల రాదు."

కొందరు ఫోన్లలో పట్టుకున్నారు. అది ఫొటో మాత్రమే, మనిషి కాదు. ఇద్దరికీ తెలుసు.

ఇదిగో ఈ నాబ్, అని ఒక్క మాట చాలు. వేలు పెట్టి చూపిస్తే చాలు. రోహిణి ఎగిరి గంతేస్తుంది. తర్వాత, ఎగరడం అయిపోయాక, అడుగుతుంది. నా ప్యాచ్ మీద చెయ్యి ఎందుకు వేశావక్కా, అని. కోపంగా కూడా అడగదు. అక్కా అనే అడుగుతుంది.

టప్... టపటప...

రోహిణి తలెత్తి చూస్తోంది. నువ్వు చెప్పు, పీకాల్నా వద్దా, అంది.

సంయుక్త విన్నది. చివరి చినుకు దాకా, ఆ తర్వాతి చినుకు దాకా విన్నది.

"పీకెయ్."

ముందు చినుకులు పోయాయి. తర్వాత గాలి పోయింది. అడుగున పాత సింథసైజర్ స్వరం ఒక్కటే కాసేపు మిగిలింది, అదీ పోయింది. రోహిణి వైర్లన్నీ చుట్ట చుట్టి ఆమె చేతిలో పెట్టింది.

అప్పుడు మేడ అంచున కట్టిన బ్యానర్ ఉబ్బింది. దూరంగా క్రేన్ల వైపు నుంచి దుమ్ము లేచింది. ఎక్కడో ఒక తలుపు కొట్టుకుంది. వస్తున్నట్టుందక్కా, అని రోహిణి అరచెయ్యి చాపి నిలబడింది.

సంయుక్త చేతుల నిండా వైర్లు ఉన్నాయి.