జొన్నరొట్టె ఉమేదువారు

నలుగురు తనవైపు చూస్తే చాలు, వీపనగండ్ల జంగయ్యకు గొంతు ఎండిపోయేది. అటువంటి మనిషి విశ్వవిద్యాలయంలో విద్యార్థుల సంఘమైన అంజుమన్ ఎన్నికకు నిలబడ్డాడంటే దానికి కారణం ఆకలి.

రెండో జర్మనీ యుద్ధం మొదలైన మరుసటి ఏడు సంగతి. హైదరాబాదులో జంగయ్య ఉండే హాస్టల్లో రెండు పూటలా వరన్నమే. మెట్టపొలాల జొన్న తిని పెరిగిన అతని కడుపులో ఆ అన్నం గంటసేపు కూడా నిలిచేది కాదు. రెండేళ్లు ఓర్చుకున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా తల్లి రేణుకమ్మ అతని పక్కటెముకలు తడిమి కంటనీరు పెట్టుకునేది. మూడో ఏడు ఒక మధ్యాహ్నం ఎంగిలి చేత్తోనే లేచి నిలబడి, "వారానికి ఒక్కనాడన్న జొన్నరొట్టె పెడితే ఏం పోయిందయ్యా?" అని అరిచాడు. భోజనాల గది చప్పట్లతో మోగిపోయింది. అరిచింది తానేనని తెలిసి జంగయ్య టక్కున కూర్చున్నాడు గాని, అప్పటికే ఆలస్యమైంది. సాయంత్రానికల్లా దోస్తులు అతని పేరు మోతమద్ పదవికి, అంటే అంజుమన్ కార్యదర్శి పదవికి, రాసి ఇచ్చి వచ్చారు.

మర్నాడు గోడమీద పోటీకి నిలిచిన ఉమేదువార్ల పట్టీ అతికించారు. పోటీలో ఉన్నవి రెండే పేర్లు. ఒకటి నగరంలో పేరుమోసిన వకీలుగారి కొడుకుది. అతను ఉర్దూలో మాట్లాడుతుంటే తోటమాలి కూడా పని ఆపి వినేవాడు. రెండోది జంగయ్యది.

"నా పేరు వాపసు తీసుకుంట," అన్నాడు జంగయ్య.

"తీసుకో. జిందగీ అంతా అన్నమే తిను," అన్నారు దోస్తులు.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

దసరా సెలవులు అయిపోయిన వారానికి ఎన్నిక. పాలమూరు వైపు పిల్లలు ఎనిమిదిమంది ఉన్నారు. సభలో మాట్లాడలేడు కాబట్టి, సెలవుల్లో వాళ్ల ఇళ్లకే పోయి ఒక్కొక్కరినీ విడిగా అడుగుదామనుకున్నాడు జంగయ్య. మేనమామ చెన్నయ్య బండి కట్టాడు. పిలవకుండానే తానూ ఎక్కాడు. చెన్నయ్యది నాలుగు చేల అవతలి గొడ్లను మళ్లించే గొంతు. ఓటంటే ఏమిటో ఆయనకు తెలియదు. మేనల్లుడు దేనికో నిలబడ్డాడు, గెలిపించాలి, అంతే.

ముందు నాగర్‌కర్నూలు పోయారు. అక్కడి పిల్లవాడి తండ్రి, హైదరాబాదు నుంచి ఎవరో కొడుకు కోసం వచ్చారని వినగానే, వీడు ఏదో నిర్వాకం చేసి ఉంటాడని లోపలికి పోయి కొడుకుకు నాలుగు తగిలించి వచ్చాడు. తరువాత, "ఇప్పుడు చెప్పు నాయినా, ఏం జేసిండు?" అన్నాడు. ఓటడగడానికి వచ్చానని జంగయ్య చెప్పేసరికి తలుపు వెనక నుంచి, "నీకు మాత్రం వెయ్య!" అని ఏడుపు గొంతు వినబడింది. వనపర్తిలో ఉన్నతను మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. ఎన్నికనాడే తన పెళ్లి అన్నాడు. ఇంకో ఇంట్లో అసలు ఎవరూ లేరు. ఎనిమిది ఓట్లలో మూడు అట్లా పోయాయి.

మిగిలిన అయిదుగురూ కృష్ణకు అవతల, గద్వాల వైపువాళ్లు. వాళ్లందరికీ వడ్డేపల్లి యాదయ్య మాటంటే గురి. చెడుగుడు ఆడే ఆరడుగుల మనిషి. అతను ఒప్పుకుంటే అయిదు ఓట్లూ వచ్చినట్టే. మామా అల్లుళ్లు బండిని ఒడ్డున వదిలి గుండ్రని పుట్టి పడవలో ఏరు దాటారు. పుట్టి గిర్రున తిరుగుతుంటే చెన్నయ్య కళ్లు మూసుకుని ఇంటి దేవతలందరినీ వరుసగా పిలిచాడు. అవతల ఇంకో బండి మాట్లాడుకుని వడ్డేపల్లి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

యాదయ్య సంతోషంగానే ఎదురొచ్చాడు గాని, సంగతి వినగానే గొంతు తగ్గించాడు. "నాకేం లేదు జంగయ్యా. మా అవ్వను అడగాలె."

అవ్వ పేరు జోగులమ్మ. తల్లి లేని మనవణ్ణి పెంచింది ఆమే. వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తూ, వచ్చినవాళ్లను కింది నుంచి పైదాకా చూసింది.

"మా అల్లుడు హైదరాబాద్‌ల పెద్ద కొలువుకు నిలబడిండు అవ్వా!" అన్నాడు చెన్నయ్య. "గెలిస్తే సర్కారే ఈని మాట ఇంటది!"

"నువ్వు జర ఊకో," అని ఆమె జంగయ్య వైపు తిరిగింది. "గెలిస్తే ఏం జేస్తవు నాయినా?"

ఒక్క మనిషితో మాట్లాడటానికి జంగయ్యకు భయం లేదు. "హాస్టల్ల జొన్నరొట్టె పెట్టిస్త అవ్వా."

ఆమె ముఖం విప్పారింది. "మంచి మాట. ఎవరు జేస్తరు?"

"వంటాయన."

"ఆయనకు వస్తదా?"

"రాదు."

"మరి నీకు?"

జంగయ్య తల గోక్కున్నాడు. "నాకూ రాదు."

"ఇద్దరికీ రాకపోతె రొట్టె పైనుంచి ఊడి పడ్తదా? యాదిగా, ఈ పిలగానికి మాట ఇయ్యకు. వట్టి మాటలోడు."

వట్టి మాటలోడు! మాటలు రాక చచ్చిపోతున్న జంగయ్యకు ఆ నింద విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నేర్పియ్యవ్వా, నేర్చుకుంట," అన్నాడు. ఆమె ఎగాదిగా చూసి, "చేతులు కడుక్కో," అంది.

మేనల్లుడు చొక్కా చేతులు మడిచి పొయ్యి ముందు కూర్చోవడం చెన్నయ్య చూడలేకపోయాడు. పరువు నిలబెట్టాలని వీధిలోకి పోయి, తనకున్న గొంతంతా పెట్టి, "రాండ్రి! హైదరాబాద్‌ల పెద్ద సదువు సదివే మా అల్లుడు ఉపన్యాసం ఇస్తడు!" అని కేక వేశాడు. చేలల్లో పని తక్కువగా ఉన్న రోజులు. చూస్తుండగానే ముప్పైమంది వాకిలి నిండారు.

ఆ కాలంలో సర్కారు అనుమతి పరవానా లేకుండా జల్సా, అంటే సభ, పెట్టడం నేరం. ఏది జల్సా, ఏది ఉత్త ముచ్చట అన్నది ఊరి పోలీసు పటేలు ఎట్లా చూస్తే అట్లా. ముప్పైమంది వెనకాలే ఆయనా వచ్చాడు, కర్ర పట్టుకున్న బంట్రోతును, మస్కూరివాణ్ణి, వెంటబెట్టుకుని.

"ఎవడు పెట్టిండు ఈ జల్సా? పరవానా ఏది?"

చెన్నయ్య గొంతు మాయమైంది. గొంతుతోపాటు మనిషీ బర్రె వెనక్కు మాయమయ్యాడు. జంగయ్య లేచి నిలబడ్డాడు. మోచేతుల దాకా పిండి. ముప్పైమంది చూస్తున్నారు. పిండి చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"ఏం జల్సా పటేలా?" అంది జోగులమ్మ, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. "పిలగాడు రొట్టె నేర్చుకోనీకె వచ్చిండు."

"హైదరాబాద్‌ల సదివే మొగపిలగాడు రొట్టె నేర్వనీకె వడ్డేపల్లికి వచ్చిండా? మరి ఈ మందంతా ఏంది?"

"చూడనీకె వచ్చిండ్రు. నువ్వు రాలే?"

ఎవరో కిసుక్కుమన్నారు. పటేలు మీసం సవరించుకుని నులకమంచం మీద కూర్చున్నాడు. "సరే, చెయ్యమను. రొట్టె అయితే రొట్టె. కాకపోతే జల్సా."

జంగయ్య పిండి ముద్ద పీటమీద పెట్టి తట్టడం మొదలుపెట్టాడు. మొదటి రొట్టె అంచంతా పగిలి ఎండిన చెరువు అడుగులా అయింది. "అయ్యో" అన్నారు జనం. రెండోది గుండ్రంగానే వచ్చింది గాని, ఎత్తబోతే రెండుగా చినిగి ఒక ముక్క పొయ్యిలో పడింది. పటేలు జేబులోంచి పుస్తకం తీశాడు. పెన్సిలు కొస నాలుకకు అద్దుకుని, "పేరు?" అన్నాడు.

"ఆగు పటేలా," అంది జోగులమ్మ. జంగయ్య వైపు వంగి మెల్లగా చెప్పింది: "ఎసరు సల్లారింది, అందుకే పగుల్తుంది. వేడి నీళ్లు పొయ్యి. పిండిని కొట్టకు, తిప్పుకుంట తట్టు. వాళ్ల దిక్కు చూడకు. పిండి దిక్కు చూడు."

జంగయ్య వేడి నీళ్లు పోసి మళ్లీ పిసికాడు. ముద్ద మెత్తబడింది. అరచేతి కింద అది కొద్దికొద్దిగా తిరుగుతూ, పెరుగుతూ పోతుంటే జనం సంగతి, పటేలు సంగతి మరిచిపోయాడు. రెండు చేతుల మీదికి తీసుకుని పెనం మీద వేశాడు. తడి చేత్తో పైన నీళ్లు రాసి, తిరగేసి, నిప్పుల పక్కన నిలబెట్టాడు. వాకిలంతా ఊపిరి బిగబట్టింది. రొట్టె ఒక పక్క మెల్లగా లేచింది. తరువాత రెండో పక్క. చివరికి మొత్తం బుర్రున పొంగింది.

ముప్పైమందీ ఒక్కసారి కేక పెట్టారు. బర్రె వెనక నుంచి అందరికంటే పెద్ద కేక చెన్నయ్యదే.

పటేలు రొట్టె తుంచి, పుంటికూర అద్దుకుని, కళ్లు మూసుకుని నమిలాడు. "జర మందమైంది," అన్నాడు. పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. "జల్సా గాదు."

జంగయ్య మూడు రోజులు అక్కడే ఉండి పని నేర్చుకున్నాడు. నాలుగోనాడు జోగులమ్మ మనవడి వైపు తిరిగి, "ఇప్పుడియ్యి మాట," అంది.

సెలవులు కాగానే గద్వాల స్టేషనులో అయిదుగురూ ఒకే రైలు డబ్బాలో ఎక్కారు. రైలు హైదరాబాదు చేరేలోపే యాదయ్య ఆ కథ రెండు డబ్బాలకు చెప్పాడు. మూడు రోజుల్లో అది విశ్వవిద్యాలయం అంతా పాకింది.

ఎన్నికకు ముందురోజు ఉమేదువార్లిద్దరూ సభలో మాట్లాడాలి. వకీలు కొడుకు అరగంట మాట్లాడాడు, అమృతంలా. చివర్లో నవ్వుతూ, "సోదరులారా, మీకు అంజుమన్ నడిపేవాడు కావాలా, జొన్నరొట్టెలు తట్టే పల్లెటూరివాడు కావాలా?" అన్నాడు.

ముందు వరుసల్లోని నగరం పిల్లలు నవ్వారు. వెనక వరుసల్లో ఎవరూ నవ్వలేదు. అక్కడ కూర్చున్నది పర్భణి, నాందేడు, రాయచూరు, గుల్బర్గా పిల్లలు. మరాఠీ వాళ్లు, కన్నడం వాళ్లు. వాళ్ల ఇళ్లలో తరతరాలుగా పొయ్యి మీద కాలుతున్నది జొన్నరొట్టే. అంతదాకా వాళ్లలో సగం మంది వకీలు కొడుకుకే వేద్దామనుకుంటున్నారు. ఒక పర్భణి పిల్లవాడు బెంచీ ఎక్కి, "మా అమ్మ కూడా తడుతుంది! అయితే ఏమిటి?" అని అరిచాడు. సభ అల్లకల్లోలమైంది.

అధ్యక్షుడు బల్ల చరిచి చరిచి జంగయ్యను పిలిచాడు. జంగయ్య వేదిక ఎక్కాడు. ఎదురుగా అయిదువందల ముఖాలు. గొంతు ఎండిపోయింది. ఎప్పటిలాగే. కాని ఈసారి ఎండిన గొంతుతోనే చెప్పేశాడు.

"నాకు మాట్లాడనీకె రాదు. రొట్టె చెయ్యనీకె వస్తది. గెలిస్తే శుక్రవారం చేస్త."

అంతే. దిగిపోయాడు.

అరవై మూడు ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు.

మొదటి శుక్రవారం, సెలవునాడు, జంగయ్య, యాదయ్య, ఆ పర్భణి పిల్లవాడు, ఒక రాయచూరు పిల్లవాడు కలిసి వంటింట్లోకి దిగారు. వంటాయన దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గంటకల్లా నలుగురూ పోట్లాడుకున్నారు. రొట్టె వెడల్పుగా పల్చగా ఉండాలని పర్భణి వాడు, అప్పడంలా కరకరలాడాలని రాయచూరు వాడు, మందంగా మెత్తగా లేకపోతే అది రొట్టే కాదని యాదయ్య. బయట రెండువందలమంది ఖాళీ పళ్లేలు వాయిస్తున్నారు. జంగయ్య ఎవరికీ జవాబు చెప్పకుండా తడుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం మూడింటికి ఆఖరి పళ్లెంలో రొట్టె పడింది. తనకు మిగల్లేదు. ఆ పూట కూడా అన్నమే తిన్నాడు.

నెలరోజులకు వంటాయనకు చెయ్యి తిరిగింది. మరుసటి ఏడు అంజుమన్ ఎన్నిక మొత్తం రొట్టె మందమా, పల్చనా అన్నదాని మీదే నడిచింది. జంగయ్యను మళ్లీ నిలబడమని ఎంతమంది బతిమాలినా వినలేదు. శుక్రవారం వస్తే మాత్రం అందరికంటే ముందు పోయి పంక్తిలో కూర్చునేవాడు.