తొమ్మిదో రికార్డులో వాన

తొమ్మిదో పాటల రికార్డు ఇంటర్నెట్‌లో పెట్టి మూడు రోజులు కూడా కాలేదు, కింద ఒకడు రాశాడు: "అన్నా, మీ పాతవన్నీ బస్సుల వింట. ఇది మాత్రం రెండు నిమిషాలు సుత వినలేకపోయిన. చెవులల్ల సూదులు గుచ్చినట్టున్నది." మహిపాల్ దాన్ని నాచారంలో ఫ్యాక్టరీ గేటు ఎదురుగా, టీ బండి పక్కన నిలబడి చదువుకున్నాడు. అప్పుడే షిఫ్ట్ దిగాడు, కాళ్ళు పీకుతున్నాయి. వీడికేం తెలుసు, అనుకున్నాడు. టీ సగం తాగేసరికి ఇంకో ఇద్దరు అదే మాట రాశారు. మిగతా సగం తాగబుద్ధి కాలేదు.

వినేవాళ్ళే మొత్తం కలిపి నాలుగు వేల మంది. అందులో ముగ్గురు చెవులు మూసుకుంటే చిన్న విషయమా?

అసలు ఈ సంగీతం సంగతేమిటో ముందు చెప్పాలి. మహిపాల్, సురేష్ ఇద్దరూ సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్లు. చుట్టరికం ఏమీ లేదు, అయినా ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఈ వారం ఒకడు పొద్దుటి ఏ షిఫ్ట్‌లో ఉంటే రెండోవాడు మధ్యాహ్నం బి షిఫ్ట్‌లో ఉంటాడు, మరుసటి వారం తారుమారు. అందుకే తమ జంటకు 'ఏ షిఫ్ట్ బి షిఫ్ట్' అని పేరు పెట్టుకున్నారు. పాడటం రాదు, వాయించటం రాదు. మెషిన్ల చప్పుళ్ళు ఫోన్‌లో పట్టుకొచ్చి, కంప్యూటర్‌లో కోసి అతికించి, కింద బేస్ మోత వేసి పాటలు చేస్తారు. ఉప్పల్‌లో టైర్ల దుకాణం మీద ఒక అద్దె గది, అందులో ఒకే ఒక్క కంప్యూటర్. ఒకడు డ్యూటీలో ఉంటే ఇంకొకడు దాని ముందు కూర్చుంటాడు. తొమ్మిదేళ్ళలో ఇద్దరూ ఆ గదిలో పక్కపక్కన కూర్చున్నవి ఆదివారాలే, అవీ అన్నీ కాదు.

వాళ్ళకు ఒక్కటే కట్టుబాటు. ఒకడు పెట్టిన చప్పుడును ఇంకొకడు తీసెయ్యకూడదు. నచ్చకపోతే మ్యూట్ చెయ్యాలి, ఎందుకు చేశాడో స్క్రీన్ మీద ఆ చప్పుడుకున్న వరసలో, అంటే దాని చానల్‌లో, పేరు ఉండే చోటే రాసిపోవాలి. 'బావా, గీ గ్రైండర్ మస్తున్నది గని మూడో నిమిషం దాంక ఆపు' అని ఒకడు రాస్తే, 'ఆపిన, ఇగ ఏడువకు' అని ఇంకొకడు. ఇంట్లో పెళ్ళాలతో కూడా వాళ్ళు అన్ని మాటలు మాట్లాడి ఉండరు. మొదటి రికార్డు 'మూతలు' నుంచి 'నాలుగో నంబర్ మెషిన్', 'కరెంట్ పోయినప్పుడు', 'ఉప్పల్ రింగ్ రోడ్డు' దాకా ఏది తెరిచినా లోపలంతా ఇలాంటి ఉత్తరాలే.

చివరి మిక్సింగ్ మాత్రం మహిపాల్‌ది. ఏ చప్పుడు ఎంత మోగాలో తేల్చేది అతని చెవి. ఇన్నేళ్ళ నౌకరీలో సూపర్‌వైజర్ ఏనాడూ అతన్ని ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. ముఖం తెలియని ఎవడో 'మిక్సింగ్ సూపర్ అన్నా' అని రాస్తే మాత్రం వారం రోజులు ఒంట్లో నొప్పులు తెలిసేవి కావు. అతనికున్న గొప్ప అదొక్కటే. ఇప్పుడు దాన్ని పట్టుకుని సూదులంటున్నారు.

సురేషే ఏదో చేసి ఉంటాడు, అనుకున్నాడు. మిక్సింగ్ అయ్యాక ఇంటర్నెట్‌లో ఎక్కించేది వాడే కదా!

ఆదివారం మధ్యాహ్నం భోజనం సగంలో లేచి ఉప్పల్ బయల్దేరాడు. మెట్రో స్టేషన్ కింద ట్రాఫిక్‌లో అరగంట ఎండ నెత్తిన పోసుకుని, మెట్లెక్కి గదిలోకి వచ్చేసరికి కోపం కూడా అలిసిపోయింది. సురేష్ చెంగిచెర్ల నుంచి ముందే వచ్చి కూర్చున్నాడు.

"నేనిచ్చిన మిక్సింగుల చెయ్యి పెట్టినవా బావా?" నిలబడే అడిగాడు మహిపాల్.

"ఈసారి పెట్టలే" అన్నాడు సురేష్.

"ఈసారి అంటే ఏంది?"

సురేష్ కుర్చీ కంప్యూటర్ వైపు తిప్పుకున్నాడు. ఐదో రికార్డు ఫైలు తెరిచాడు. అన్ని చానళ్ళకూ అడుగున, మహిపాల్ ఎన్నడూ కిందికి జరిపి చూడని చోట, ఇంకో చానల్ ఉంది. దాని పేరు 'ట్రెబుల్ తగ్గించిన, బావకు చెప్పొద్దు'. ట్రెబుల్ అంటే సన్న చప్పుళ్ళు. ఆరో రికార్డులోనూ అదే. ఏడు, ఎనిమిది కూడా చూపించాడు. దొంగతనం చేసినా కట్టుబాటు ప్రకారం పేరు రాసే చేశాడు, మహానుభావుడు.

"సన్న చప్పుళ్ళు నీకు వినబడ్తలేవు బావా" అన్నాడు సురేష్ మెల్లగా. "నాలుగేండ్లాయె. వినబడక నువ్వు పెంచుతనే ఉంటవ్. నువ్వు పోయినంక నేను తగ్గిస్తున్న."

మహిపాల్‌కు ఒళ్ళు మండిపోయింది. "నాలుగేండ్ల సంది నన్ను ఎర్రోన్ని చేసినవన్నట్టు! ఒక్క మాట చెప్తే నీ నోరు పడిపోతుండెనా?"

"చెప్తే మిక్సింగ్ బంద్ పెడ్తవ్. గది బంద్ పెడితే నీకింకేమున్నది?"

ఆ మాట మహిపాల్‌కు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు గానీ అడగాల్సింది గుర్తురాలేదు.

"మరి ఈసారి ఎందుకు తగ్గించలే?"

సురేష్ తల వంచుకుని మౌస్ తీగను వేలికి చుట్టుకున్నాడు. "నాకు మంచిగనే అనిపించింది బావా. ఇగ నాకు సుత వినబడ్తలేదు కావచ్చు."

తొమ్మిదో రికార్డు తెరిచి, బేస్ చానళ్ళన్నీ మ్యూట్ చేసి, సన్న చప్పుళ్ళను మాత్రం ఉంచి ప్లే నొక్కాడు. స్క్రీన్ మీద ఆకుపచ్చ గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి. గదిలో మాత్రం ఏమీ లేదు. కింద దుకాణంలో చక్రం మీద పడుతున్న సుత్తి దెబ్బలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఇద్దరు మగవాళ్ళు ఆ గీతలను చూస్తూ రెండు నిమిషాలు అలాగే కూర్చున్నారు.

ఫ్యాక్టరీలో అందరికీ చెవుల్లో పెట్టుకునే స్పాంజి ముక్కలు ఇస్తారు. మిగతా ఆపరేటర్లు తిట్టుకుంటూనైనా పెట్టుకునేవాళ్ళు. వీళ్ళిద్దరే జేబులో వేసుకునేవాళ్ళు. చెవులు మూసుకుంటే మెషిన్ తాళం ఎట్లా తెలుస్తుంది? పనికిరాని మూతలను పిండి చేసే గ్రైండర్ ఆన్ చేస్తే అందరూ దూరం జరిగేవాళ్ళు, వీళ్ళు ఫోన్ పట్టుకుని దగ్గరికి పోయేవాళ్ళు. 'చెవులున్నోళ్ళకు గదా తెల్సేది' అని మహిపాల్ నవ్వేవాడు కూడా.

పోయిన నెల సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. భార్య గౌతమికి జ్వరమొస్తే థర్మామీటర్ పెట్టి, అది ఎప్పుడు మోగుతుందా అని పది నిమిషాలు చూశాడు. పాడైందని కొత్తది కొనుక్కొచ్చాడు. అదీ మోగలేదు. మందుల షాపు వాడిని నానా మాటలు తిట్టుకున్నాడు. ఆ వేళ గౌతమి ఏమీ అనకుండా థర్మామీటర్ తీసి తనే చూసుకుంది.

"ఇగ చాలు బావా" అన్నాడు సురేష్. "తొమ్మిది చేసినం. మనసొంటోళ్ళకు గదే ఎక్కువ. దీన్ని తీసేస్త, బంద్ చేద్దాం. నాకు సుత ఓపిక లేదు."

సరే అనేస్తే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ రేపటి నుంచి షిఫ్ట్ దిగి ఎక్కడికి పోవాలో మహిపాల్‌కు తోచలేదు. ఫోన్ తీసి గౌతమికి చేశాడు.

గంట తర్వాత ఆటో దిగి వచ్చింది గౌతమి, చిటపటలాడుతూ. బ్లౌజులు కుట్టి ఇల్లు నడుపుతోంది ఆమె. ఇంకా ఆరు బ్లౌజులకు చేతులు అతికించాలి, రేపు పొద్దున పెళ్ళివాళ్ళు వస్తారు.

"ఏమైందయ్యా, గంత ఆగమాగం రమ్మన్నవ్? సురేషన్నకేమన్న అయిందా అని గాబరైన."

"నాకేం కాలేదు చెల్లె, కూర్చో" అన్నాడు సురేష్.

"జర విను. అంతే" అన్నాడు మహిపాల్.

"నేనా? గీ లొల్లి నేను వినాల్నా?" తొమ్మిదేళ్ళలో ఒక్క రికార్డు కూడా పూర్తిగా వినలేదామె. ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడే చాలు, మళ్ళీ ఫ్యాక్టరీ చప్పుడు ఎందుకనేది. అయినా కూర్చుంది. సురేష్ ప్లే నొక్కాడు. మరుక్షణం రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అమ్మో! బంద్ చెయ్యన్నా! రేకు మీద మేకు గీసినట్టున్నది."

ఏ చానల్‌దో తేల్చడానికి ఒక్కొక్కటి మ్యూట్ చేసుకుంటూ పోయారు. పదకొండోది ఆపగానే చెవుల మీది చేతులు తీసింది. మహిపాల్ ఆ చానల్ పేరు చదివాడు. అతని అక్షరాలే. 'వాన. మా రేకుల ఇల్లు. బావా, సన్నగ వినబడాలె, చూడు.' దాని కింద సురేష్: 'వినబడ్తలేదు, పెంచిన.' మళ్ళీ మహిపాల్: 'నేను సుత పెంచిన.' 'ఇంకా పెంచిన బావా.' 'నేను సుత.' అట్లా ఇద్దరూ వంతులేసుకుని వారం రోజులు వానను పెంచుకుంటూ పోయారు.

అది మొదటి రికార్డు కన్నా ముందు పట్టిన చప్పుడు. కొత్త ఫోన్ కొన్నప్పుడు సరదాకు పట్టి దాచుకున్నాడు. ఇన్నేళ్ళకు బయటికి తీస్తే తన చెవికే చేరలేదు.

"గిది తీసేస్తే సాఫ్ అయితది" అన్నాడు మహిపాల్. 

"ఆగు. మొత్తం తగ్గించి పెట్టు" అంది గౌతమి. "దాంట్ల ఇంకేందో ఉన్నది."

సురేష్ తగ్గించాడు. ఆమె తల ఒక పక్కకు వంచి విన్నది. మహిపాల్ స్పీకర్ వైపు కాదు, ఆమె ముఖం వైపు చూస్తున్నాడు. ఆ ముఖంలో చిరాకు పోయింది. నుదుటి ముడి కూడా విడిపోయింది.

"గాజులు" అంది. "రేకుల మీద చినుకులు, నడుమ గాజులు మోగుతున్నయ్. గివి నావేనా?"

పెళ్ళయిన కొత్తలో మల్లాపూర్ వైపు రేకుల ఇంట్లో ఉండేవాళ్ళు. వానొస్తే తీగ మీది బట్టలు తియ్యడానికి ఉరికేది. చేతులకు డజను డజను మట్టిగాజులు. ఇప్పుడు కుట్టుమిషన్‌కు అడ్డమని ఒక్క గాజు కూడా వేసుకోదు. మహిపాల్‌కు ఆ బట్టలు గుర్తున్నాయి, ఆ తీగ గుర్తుంది. చప్పుడు మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తురాలేదు.

"నీవే" అన్నాడు. "నాకు వినబడ్తలేవు గౌతమీ."

"నాకెర్కే" అంది ఆమె. "థర్మామీటర్ నాడే ఎర్కయింది. నీ మిక్సింగ్ నీ పానం గదా, ఎట్ల చెప్పాలె?"

సురేష్ గొంతు సవరించుకుని స్క్రీన్ వైపు తిరిగాడు. 

"బ్లౌజులున్నయి నాకు" అంది గౌతమి, కళ్ళు తుడుచుకుని. "జల్ది కానియ్యండి. ఎంత పెట్టాల్నో నేను చెప్త."

మహిపాల్ మౌస్ అందుకున్నాడు. ఆమె జర పెంచు అంటే పెంచాడు, వద్దంటే దించాడు. అతనికి ఎటు జరిపినా ఒక్కటే. అయిదారుసార్లు అయ్యాక ఆమె "ఇగ ఆగు, గట్లనే ఉంచు" అంది.

చానల్ పేరులో 'నేను సుత' అన్న మాట తర్వాత 'గౌతమి తగ్గించింది' అని రాశాడు. పాటను మొదటి నుంచి పెట్టాడు. బేస్ వచ్చింది, నాలుగో నంబర్ మెషిన్ వచ్చింది, వాన రావాల్సిన చోటు వచ్చింది.

"ఇప్పుడు మోగుతున్నయా?" అని అడిగాడు.

"ఆఁ, మోగుతున్నయి" అంది గౌతమి.

మహిపాల్ సేవ్ చేశాడు.