అంటని జబ్బు

ఉతికిన హోటల్ దుప్పట్లు ఇంకా సగం ఆరెయ్యాల్సి ఉన్నాయి. కబురు రాగానే, చాకిరేవు మేస్త్రీ ముఖం మాడ్చుకున్నా లెక్కచెయ్యక, అతను ఆసుపత్రికి పరుగెత్తాడు. పెళ్ళాం అప్పటికే డాక్టరమ్మ ఎదుట కూర్చునుంది. కళ్ళు పచ్చబడ్డాయి. చేతుల నిండా గోళ్ళ గీతలు. కడుపు నీరుపట్టి ఉబ్బింది.

"ఇది చర్మరోగం కాదు, అంటుకునేదీ కాదు," అంది డాక్టరమ్మ. "ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి, కాలేయంలో పైత్యరసం పారే గొట్టాలను పాడుచేస్తోంది. ఆ దురద అందుకే. మొదట్లోనే వచ్చుంటే మాత్రలతో చాలావరకు నిలవరించేవాళ్ళం."

మొదట్లోనే. ఆ మాట అతని గుండెలో దిగబడింది. దురద మొదలైన రోజుల్లో, అందరికీ అంటుకుంటుందని తల్లి గోల పెడితే, పెళ్ళాం కంచం, పడక వేరు చేసింది తనే. పక్కింటి నర్సు రక్తపరీక్ష చేయించమంటే, "గజ్జికి పరీక్షలేంటమ్మా" అని నవ్వేసిందీ తనే. నాలుగేళ్ళుగా ఆమె వంటింటి గచ్చు మీద ఒంటరిగా గోక్కుంటూ పడుకుంటోంది. కూతుర్ని కూడా దగ్గరికి పోనివ్వలేదు.

"ఇప్పుడేం చెయ్యాలండీ?"

"కాలేయం చాలావరకు గట్టిపడిపోయింది. ఇంకో మందుంది గానీ, ఈ దశలో అదే ప్రాణం మీదికి తేవచ్చు. మాత్రలు వాడుతూ, నీరు తీయిస్తూ కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. కుదిరితే కాలేయం మార్చాలి. దాతల కోసం వరుసలో పేరు రాయించాలి, లేదా ఇంట్లోవాళ్ళెవరైనా కొంత ముక్క..."

"నాది కోసుకోండి," అన్నాడతను, మాట పూర్తికాకముందే.

పెళ్ళాం అతని వంక చూసింది. "బయటికి రా."

నడవాలో గోడకు ఆనుకుని ఊపిరి కూడదీసుకుంది. "ఎందుకిస్తానన్నావు?"

"నా మూలానేగా ఇంతదాకా వచ్చింది. ఇదైనా చెయ్యనీ. లేకపోతే నాకు నిద్ర పట్టదే."

"నీ నిద్ర కోసమా?" ఆమె గొంతు పెంచలేదు. "నీ పాపం కడుక్కోడానికి నా కడుపెందుకు కోయించుకోవాలి? మావాడి ముక్కతో బతుకుతోందని రేపు మీ అమ్మ వీధంతా చెప్తుంది. నువ్వు కాదనవు. ఏనాడన్నా కాదన్నావా?"

ఆమె గోడ వదిలి గది వైపు తిరిగింది.

"బతకాలని నాకూ ఉంది. ఏం చేయించుకోవాలో, ఎవరిది తీసుకోవాలో నేనే అడిగి తేల్చుకుంటా. నువ్విక్కడే ఉండు."

ఆమె లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. అతను తట్టబోయి ఆగాడు. లోపల ఆమె డాక్టరమ్మను ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉంది. ఆమె అంతసేపు మాట్లాడగా తను విని ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.