ఎవరి అనుభవం ఎవరిది

నాకు ఫోన్‌లో మాట్లాడటం ఇష్టం ఉండదు. అందులోనూ పెద్దవాళ్లకు ఫోన్ చేసి "మీరు ఇంతకు ముందు ఏం ఉద్యోగం చేసేవారండీ?" అని అడగాల్సి వస్తే చచ్చేంత మొహమాటం. కానీ మా కంపెనీ షేర్లు మార్కెట్లోకి రాబోతున్నాయి. బోర్డు డైరెక్టర్లు ఎవరు, ఎక్కడ ఏం పని చేశారు, ఇప్పుడు ఏ కమిటీ చూస్తున్నారు అన్నది ఒక పుస్తకంలో అచ్చువేయాలి. రాసిన ప్రతి వాక్యానికీ రుజువుగా ఒక కాగితం ఉండాలి. గురువారానికల్లా అంతా ప్రెస్సుకి వెళ్లాలి. ఆ పని నా నెత్తిన పడింది.

మాది నెట్‌వర్క్ భద్రత చూసే కంపెనీ. ఆసుపత్రుల, బ్యాంకుల కంప్యూటర్లలోకి దొంగలు దూరకుండా కాపలా కాస్తాం. కాస్తాం అంటున్నాను గానీ నేను కాసేది ఏమీ లేదు. కంపెనీ సెక్రటరీ గారి దగ్గర అసిస్టెంటుని. బోర్డు మీటింగులో ఒక మూల కూర్చుని ఎవరేమన్నారో మినిట్స్ రాస్తాను. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. ఇంకా టెంపరరీనే. ఈ నెలాఖరుకి పర్మనెంట్ చేస్తామన్నారు, ఏ పొరపాటూ లేకుండా ఉంటే.

సోమవారం పొద్దున్నే మొదటి ఫోన్ ఆడిట్ కమిటీ చైర్మన్‌కి చేశాను. నా దగ్గరున్న పట్టికలో ఆయన పేరు పక్కన 'బ్యాంకు ఆడిట్, ఇరవై తొమ్మిదేళ్లు' అని ఉంది. ఆ బ్యాంకు నుంచి సర్వీస్ సర్టిఫికెట్ కావాలన్నాను.

"బ్యాంకేమిటమ్మా? నేను ఓడ కెప్టెన్ని."

"మరి ఆడిట్ కమిటీ..."

"అదే నాకూ అర్థం కాలేదు. కంపెనీకి కొత్త చైర్మన్ వచ్చాక లెటర్ పంపారు. ఓడలో సరుకు జాబితా చూసేవాణ్ణి కదా, అందుకేమో అనుకున్నాను. ఇప్పటికీ ఆ కాగితాలు చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. సముద్రంలో మాత్రం ఏనాడూ కళ్లు తిరగలేదు."

నవ్వాలో సారీ చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశాను. ఎక్కడో ఒక పేరు తారుమారై ఉంటుందని సరిపెట్టుకుని రెండో ఆయనకి చేశాను. ఈయన సిబ్బంది ఆరోగ్య కమిటీ చూస్తారు. పట్టికలో 'ఆసుపత్రి, ముప్పై ఒక్క ఏళ్లు' అని ఉంది.

"ఆసుపత్రా? నన్ను డాక్టరన్నారా ఎవరైనా?" అని కంగారుపడ్డారు. "నేను బ్యాంకులో ఆడిటర్ని. మా ఆవిడకి షుగరు. మందులూ టెస్టులూ అన్నీ నేనే చూసుకుంటాను. ఆ సంగతి ఎవరో చెప్పి ఉంటారు, అందుకే ఇచ్చారనుకున్నాను."

"ఒక్కసారి అడగాల్సింది కదా సార్."

"ఎలా అడుగుతామమ్మా? 'నాకేం తెలుసని ఇచ్చారు' అంటే, 'నీకేమీ తెలీదా' అంటారు."

మూడో ఆయన ఆఫీసు కార్లు, జనరేటర్లు, లిఫ్టులు చూసే కమిటీలో ఉన్నారు. ఎప్పుడూ మొహం ముడుచుకునే ఉంటారు. పట్టికలో ఆయన ఓడ కెప్టెన్. ఆ మాటే చెప్పాను.

"ముప్పై ఏళ్లు నెట్‌వర్కులు కట్టానమ్మా," అన్నారు. "నెట్‌వర్క్ కంపెనీలో నన్ను తీసుకెళ్లి జనరేటర్ల దగ్గర కూర్చోబెడితే, ఎవరో పనిగట్టుకుని తొక్కేశారనుకున్నాను. మూడేళ్లుగా చైర్మన్‌తో సరిగ్గా మాట్లాడటం మానేశాను."

నాకు బుర్ర పనిచేయలేదు. కెప్టెన్ బ్యాంకు, బ్యాంకు ఆసుపత్రి, నెట్‌వర్క్ ఓడ. ఇంతమంది పెద్దవాళ్లు, ఇంత చదువుకున్నవాళ్లు, ఎవరూ నోరు తెరవకుండా ఒకరి కుర్చీలో ఒకరు కూర్చుని మూడేళ్లు ఎలా గడిపారు? ఎవడు చేశాడీ పట్టిక అని తిట్టుకుంటూ ఫైలు పాత ప్రతులు వెనక్కి తిరగేశాను.

నేనే చేశాను.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం. పాత చైర్మన్ వెళ్లిపోయి కొత్తాయన వచ్చారు. ఆయనకి డైరెక్టర్లు ఎవరూ తెలియరు. ఎవరి అనుభవం ఏమిటో ఒక పట్టిక పంపమన్నారు. పేర్లని అక్షరక్రమంలో పెట్టమని మా సెక్రటరీ గారు చెప్పారు. పెట్టాను. పక్క గడులను కూడా కలిపి మార్చాలా అని కంప్యూటర్ అడిగింది. పేర్లు మాత్రమే కదా మార్చమన్నారు అనుకుని అక్కర్లేదని నొక్కాను. పేర్లు కదిలాయి, అనుభవాలు ఉన్నచోటే ఉండిపోయాయి. చైర్మన్ ఆ పట్టికని బట్టే కమిటీలు వేశారు. బాత్రూంకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి, మళ్లీ చూశాను. నా పొరపాటు అక్కడే ఉంది.

సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతూ మా అత్తగారితో అన్నాను.

"నోరు మూసుకుని దిద్దెయ్యి," అన్నారావిడ. "ఎవరొచ్చి చూస్తారు?"

"కమిటీలు కూడా పుస్తకంలో పడతాయి అత్తయ్యా. ఓడ కెప్టెన్ ఆడిట్ చూస్తున్నాడని ఊరంతా చదువుతుంది. ఎందుకిలా అని అడగరా?"

"అడిగితే కంప్యూటర్ మీద తోసెయ్. అది నోరు తెరిచి కాదంటుందా? మూడేళ్లు టెంపరరీ ఉద్యోగం చేసి, తీరా అన్నం వడ్డించేవేళకి లేచిపోతావా?"

ఇక మిగిలింది నాలుగో డైరెక్టరు. ఆవిడకి ఫోన్ చేయబుద్ధి కాలేదు. మంగళవారం ఇంటికే వెళ్లాను. మా కంపెనీ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన కమిటీ ఆవిడది. ఏ క్లయింటు కంప్యూటర్లలోకైనా దొంగలు దూరితే మొదటి గంటలో ఏం చేయాలో తేల్చే కమిటీ. పట్టిక ప్రకారం ఆవిడ నెట్‌వర్క్ ఇంజనీరు. అసలు ఆవిడెవరో నాకు అప్పటికే తెలిసిపోయింది. ఇక ఒక్క అనుభవమే మిగిలింది కదా.

"ఆసుపత్రిలో రికార్డు రూము," అన్నారావిడ, నేను అడగకముందే. "ముప్పై ఒక్క ఏళ్లు. రోగుల ఫైళ్లు బీరువాలోంచి తీయడం, తిరిగి బీరువాలో పెట్టడం. నువ్వెందుకొచ్చావో నాకు తెలుసమ్మా. రెండో మీటింగులోనే అర్థమైంది, ఎక్కడో తప్పు జరిగిందని."

"మరి చెప్పలేదేం మేడమ్?"

"సిగ్గేసింది. తర్వాత ఆశ పుట్టింది. రికార్డు రూములో ముప్పై ఒక్క ఏళ్లలో నన్ను ఎవరూ 'నువ్వేమంటావ్' అని అడగలేదు. ఇక్కడ అడిగారు. కూర్చుని నేర్చుకున్నాను."

బల్ల మీద ఆరేడు నోటు పుస్తకాలున్నాయి. అన్నీ కుట్లు ఊడి, కాగితాలు బయటికి వచ్చి ఉన్నాయి. పోయినేడు ఒక క్లయింటు దగ్గర దొంగలు పడితే, మా ఇంజనీర్లు మెషీన్ల దగ్గరికి వెళ్లారట. ఈవిడ మాత్రం చెడ్డ మెయిల్ తెరిచిన గుమస్తా పిల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నారట. ఉద్యోగం పోతుందని ఆ పిల్ల రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నష్టమంతా ఆ రెండు రోజుల్లోనే జరిగింది. దాని మీదే ఆవిడ రిపోర్టు రాశారు. శుక్రవారం బోర్డులో చదవాలి.

"ఇప్పుడు ఆ కుర్చీ ఎవరిది?" అని అడిగారు. చెప్పాను. "పాపం, అందుకా ఆయన మొహం అలా ఉంటుంది," అని నవ్వి, నా చెయ్యి పట్టుకున్నారు. "శుక్రవారం దాకా ఆగుతావా అమ్మా? అది ఒక్కటీ నా నోటితో చదవనియ్యి."

ఆగితే గురువారం గడువు తప్పుతుంది, నా నెలాఖరు నీళ్లపాలవుతుంది. ఆగనంటే ఆ చేతిని విదిలించుకోవాలి. సరేనన్నాను. బయటికొచ్చి ఎందుకన్నానా అని బస్‌స్టాపు దాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

గురువారం మా సెక్రటరీ గారితో, ఒక సర్టిఫికెట్ ఇంకా రాలేదని చెప్పాను. అబద్ధం. ఆయన కళ్లజోడు మీద నుంచి చూసి, "శుక్రవారం సాయంత్రం దాకా ప్రెస్సు వాళ్లని బతిమాలాను. ఇది నేను గుర్తుపెట్టుకుంటాను," అన్నారు.

శుక్రవారం ఆవిడ రిపోర్టు చదివారు. మొదటి సిఫారసు ఒకటే. తప్పు చేసినవాళ్లు గంటలోపల వచ్చి చెబితే వాళ్ల ఉద్యోగానికి ఢోకా ఉండకూడదు. కెప్టెన్ గారు బల్ల మీద తట్టారు. నెట్‌వర్క్ సార్ మూడేళ్లలో మొదటిసారి తల ఊపారు. అందరూ ఒప్పుకున్నారు. నేను రాసుకున్నాను.

అప్పుడు ఆవిడ కూర్చోకుండా, "ఈ కుర్చీ నాది కాదు. నేను నెట్‌వర్కులు ఎరగను. ముందే అడగకపోవడం నా తప్పు," అన్నారు. గది గందరగోళమైపోయింది. నేను ఓడ అని ఒకరు, నేను బ్యాంకు అని ఒకరు. చైర్మన్ ఎవరు ఎవరో తెలియక కాగితాలు అటూ ఇటూ తిప్పారు.

"అసలీ పట్టిక ఎవరు చేశారు?" అన్నారు.

"కంప్యూటర్‌లో ఏదో జరిగుంటుంది సార్," అన్నారు మా సెక్రటరీ గారు. నన్ను కాపాడారో, తనను తాను కాపాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

"సరే. కంప్యూటర్ పొరపాటు అని రాయమ్మా."

పెన్ను కాగితం మీద పెట్టాను. కదల్లేదు. "నేను చేశాను సార్," అన్నాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"సోమవారం."

"ఇప్పుడే గంట అన్నాం కదమ్మా. ఇవాళ శుక్రవారం. నాలుగు రోజులు ఏం చేస్తున్నావు?"

కారణం నా నోట్లోనే ఉంది. చెబితే ఆవిడ పరువు పోతుంది. తల దించుకున్నాను.

"నేనే ఆగమన్నాను," అన్నారావిడ. "రిపోర్టు చదవాలన్న ఆశతో. నేను రాసిన మొదటి మాటే నేను తప్పాను."

చైర్మన్ కాగితాలు పక్కన పెట్టి, "జరిగింది జరిగినట్టు రాసి, చదువు," అన్నారు. రాశాను. చదవడానికి లేచి నిలబడ్డాను.

"డైరెక్టర్ల అనుభవాల పట్టికలో పొరపాటు ఈ మినిట్స్ రాస్తున్న అసిస్టెంటుది. సోమవారం ఆమెకు తెలిసింది. కమిటీ అధ్యక్షురాలు అడిగినందుకు శుక్రవారం వరకు చెప్పలేదు. అధ్యక్షురాలు పదవి వదులుకున్నారు. ఆమె రిపోర్టు ఆమోదించబడింది."

నా ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. మూడేళ్లుగా ఆ గదిలో అందరి మాటలూ రాశాను గానీ, నా గొంతు అక్కడ ఎవరైనా వినడం ఆ రోజే మొదటిసారి.