మడత కింది వార్త

పొద్దున పదకొండున్నరకి స్కేలు బాబాయి నమూనా పేజీని సగానికి మడిచి, గోడ మేకుకి తగిలించి, నాలుగడుగులు వెనక్కి వేశాడు. వీళ్ళ సాయంత్రపు పత్రిక కొట్లో ఇలాగే వేలాడుతుంది, పైసగమే కనిపిస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన పనితనమంతా ఆ పైసగంలోనే. ఏ అక్షరం లావెక్కాలో, ఏ ఫొటో ఎంత పరుచుకోవాలో ఆయన చేతిలోని స్టీలు స్కేలుకి తెలుసు. అందుకే ఆఫీసులో అందరికీ ఆయన స్కేలు బాబాయి. అసలు పేరు జీతాల గుమాస్తాకి కూడా వెతికితేగాని దొరకదు.

ఇవాళ ఈ చివర నుంచి ఆ చివరికి నీలం అక్షరాలు: "చలి పంజా!" కింద మంచులో మునిగిన వీధి ఫొటో. చూడగానే ఒళ్ళు జలదరించాలని అక్షరాల చుట్టూ తెల్లటి ఖాళీ వదిలాడు. మడత కింద గ్యాస్ హీటరు ప్రకటన, ఎర్రగా, నవ్వే కుటుంబంతో సహా.

విలేకరి పిల్ల పరుగున వచ్చింది. "బాబాయ్, మొదటి పేజీలో చోటు కావాలి. ఈ ప్రకటనలో ఉన్న కంపెనీ కొత్త హీటర్లు వాసన రాని విషవాయువు వదులుతున్నాయట. కిటికీలు మూసుకుని పడుకున్న ఇద్దరు పోయారు. డాక్టరు సంతకం పెట్టిన కాగితం ఉంది."

బాబాయి మంచు వీధిని సగానికి కోసి, "హీటరు వెలిగించకండి" అని నల్లగా, లావుగా పెట్టి, సంపాదకుడి బల్ల మీద పరిచాడు.

సంపాదకుడు ప్రకటన వైపే చూస్తూ అన్నాడు. "వార్త తీసెయ్యమనట్లేదు కదయ్యా. మడత కింద, ఒక్క కాలమ్. 'హీటర్లపై ఫిర్యాదులు' అను. కంపెనీ పేరొద్దు."

"కింద పెడితే ఎవరూ చూడరండీ."

"కింద కూడా పేజీయేగా? పది నిమిషాల్లో ప్రెస్సుకి వెళ్ళాలి. నువ్వు చెయ్యకపోతే ఇంకొకడు చేస్తాడు."

అప్పుడే ఫోను మోగింది. అక్క. యాభై ఆరేళ్ళ మనిషిని ఇంకా బుజ్జీ అని పిలిచేది ఆవిడొక్కతే.

"బుజ్జీ, కొత్తదొకటి కొనుక్కున్నాన్రా. మోకాళ్ళకి ఎంత హాయిగా ఉందో! సాయంత్రం వస్తావుగా, చూపిస్తా."

"పనిలో ఉన్నానక్కా, తర్వాత," అని పెట్టేశాడు.

చేతులు వాటంతట అవే కదిలాయి. మంచు వీధి మళ్ళీ పరుచుకుంది. వార్త ప్రకటన పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో ఒదిగిపోయింది. విలేకరి పిల్ల మొహం చూడలేక ఆయన మురికి లేని స్కేలుని చాలాసేపు తుడిచాడు. సిగ్గేసింది.

నాలుగున్నరకి బస్సులో ఎదుటి సీటాయన "చలి పంజా" చదివి, మఫ్లరు బిగించుకుని, మడత విప్పకుండానే పత్రికని సంచిలో పెట్టేశాడు. ఎంతైనా తన అక్షరాలు! బాబాయికి నవ్వొచ్చింది. అంతలోనే ఆగిపోయింది. మోకాళ్ళకి హాయిగా. కొత్తది.

అక్కకి చూపు మందగించినప్పుడు తానే చెప్పాడు: "ముఖ్యమైనదంతా పైనే పెడతానక్కా, కిందది చదివి కళ్ళు పాడుచేసుకోకు." అప్పట్నుంచీ ఆవిడ కింద చూడలేదు. తమ్ముడి మాటంటే అంత గురి.

అక్కకి ఫోను చేశాడు; మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ. ఎర్రదీపం దగ్గర బస్సు ఆగగానే దూకి పరుగెత్తాడు. దారిలో ఎవరినో గుద్దుకున్నాడు, వాళ్ళు తిట్టిన తిట్లు వినపడలేదు. అక్క తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పక్కింటాయన, తనూ కలిసి భుజాలతో బద్దలుకొట్టారు.

గది వెచ్చగా ఉంది. కిటికీ సందుల్లో గాలి చొరబడకుండా నిన్నటి, మొన్నటి పత్రికలు కుక్కి ఉన్నాయి. మూల హీటరు ఎర్రగా వెలుగుతోంది. అక్క కుర్చీలో తల వాల్చి ఉంది. బాబాయి హీటరు ఆర్పాడు, కిటికీ తెరిచాడు, "అక్కా, నేనే, బుజ్జిని," అన్నాడు. పక్కింటాయన నాడి పట్టుకుని చూసి, ఆ చేతిని మెల్లగా తిరిగి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

ఒళ్ళో ఇవాళ్టి పత్రిక, నీలం అక్షరాల మీద భూతద్దం. మడత విప్పలేదు.