రెండో కుట్టు

ఆమెను అందరూ హడావిడి అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది కన్నతల్లే. నడక రాకముందే పరుగు నేర్చిన పిల్లట. నలభై దాటినా, ఊరి చుట్టూ తిరిగే బస్సుకు డ్రైవరైనా ఆ పేరు ఆమెను వదల్లేదు. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం ఆమె అంత నిదానస్తురాలు డిపోలో ఇంకొకరు లేరు. తన తొందరంతా బస్సు దిగాకేనని తనే చెప్పి నవ్వేది.

అలాంటి మనిషికి ఎనిమిదేళ్ళ ఎదురుచూపు రాసిపెట్టి ఉంది. ఆమె, గడియారాలు బాగుచేసే ఆమె భర్త కలిసి ఒక బిడ్డను దత్తత తీసుకుందామని అర్జీ పెట్టుకున్నారు. ఇంటి తనిఖీలు జరిగాయి. ఒకే ప్రశ్నను ముగ్గురు ఆఫీసర్లు మూడు రకాలుగా అడిగారు. ఎనిమిదో ఏట ఒక మధ్యాహ్నం దత్తత ఆఫీసులో పనిచేసే మేడమ్ ఫోన్ చేసి, ఆరేళ్ళ పాప ఉందని, కాగితాలు పూర్తికాగానే, అంటే ఓ రెండు నెలల్లో, ఇంటికి తెచ్చుకోవచ్చని చెప్పింది.

ఎనిమిదేళ్ళు ఓపిక పట్టిన మనిషి ఆ రెండు నెలలు పట్టలేకపోయింది. పాప గది గోడలకు రెండుసార్లు రంగు మార్చింది. మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపింది, మళ్ళీ గోడ దగ్గరికి జరిపింది. రోజుకు పది గడియారాలు విప్పి బిగించే భర్త, నాలుగో రోజున ఆమె చేతిలోంచి బ్రష్షు మెల్లిగా తీసుకుని, కాసేపు వాళ్ళ వదిన దగ్గరికి వెళ్ళి రమ్మన్నాడు.

వదిన అంటే హడావిడి అన్నగారి భార్య. రెండు వీధుల అవతల, మేడ మీద గదిలో బొంతలు కుట్టేది. గది నిండా గుడ్డల బీరువాలు, గోడవారన రెండు మిషన్లు, మధ్యలో మనిషి పడుకునేంత బల్ల. ఆవిడ మాట తక్కువ, కొలత ఎక్కువ. పాపకు బొంత నేనే కుడతానని ఎప్పుడో చెప్పేసింది. గుడ్డలు కూడా తెచ్చిపెట్టింది. పసుపు మీద ఎర్ర చేపలున్నది ఒకటి, ఆకుపచ్చ గళ్ళది ఒకటి, నీలం చుక్కలది ఇంకొకటి, ఇలా ఎనిమిది రంగులు. వీటన్నిటి వెనక ఆకాశంలా కనబడటానికి ఒక మీగడరంగు గుడ్డ.

"ఊరికే తిరిగే బదులు కత్తెర పట్టుకో," అంది వదిన, ఆడపడుచు గుమ్మంలో కనబడగానే.

ఆ బొంత నిండా ఎగిరే బాతులు ఉండాలి. మొత్తం తొంభై ఆరు. ఒక్కో బాతుకి పొడవాటి రంగు ముక్క ఒకటి కావాలి. దాని రెండు చివర్లలో మీగడరంగు చదరాలు పెట్టి, ఐమూలగా కుట్టి, బయటి మూలలను కత్తిరించేసి, మిగిలిన గుడ్డను వెనక్కి మడవాలి. మధ్యలో రంగు ముక్కోణం బాతులా నిలబడుతుంది. వదిన కుడుతోంది, హడావిడి మూలలు కత్తిరిస్తోంది. ఎనిమిది బాతులయ్యేసరికి బల్ల కింద బుట్టలో పదహారు మూలలు పోగయ్యాయి. ఒక్కో మూలలో రంగు ముక్కోణం ఒకటి, మీగడ ముక్కోణం ఒకటి.

హడావిడి చెయ్యి ఆగింది. ఇంత మంచి గుడ్డ చెత్తలోకి పోవాల్సిందేనా అని అడిగింది. వదిన కళ్ళజోడు పైకి తోసుకుని ఆడపడుచు వైపు చూసింది. ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"పోనక్కర్లేదు. కోసే ముందు ఇంకో కుట్టు వెయ్యాలి. దానికి ఓపిక కావాలి, నీకుందా?"

తొమ్మిదో బాతును మిషను కింద పెట్టి చూపించింది. మొదటి కుట్టుకి అర అంగుళం అవతల, మూల వైపు, దాని వెంటే రెండో కుట్టు వేసింది. రెండు కుట్ల నడుమ కత్తెర పెట్టింది. చేతిలోకి వచ్చిన మూలను గోటితో విప్పి బల్ల మీద పరిచింది. అది ఇప్పుడు చెత్త కాదు. సగం ఎర్ర చేపలు, సగం మీగడ ఉన్న బుల్లి చదరం. ఐమూల గీత కత్తితో గీసినట్టుంది.

హడావిడికి నేల మీద కాలు ఆనలేదు. ఆ ముక్కను కిటికీ వెలుగులో తిప్పి చూసింది, అన్నగారిని కిందనుంచి పిలిచి చూపించింది. "గోరంత ముక్కకి కొండంత సంబరమా," అని ఆయన నవ్వుకుంటూ దిగిపోయాడు. ఆమె మాత్రం రెండో మిషను ముందు కుర్చీ లాక్కుంది. ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే వదిన ఇంటికి రావడం, రెండో కుట్టు వెయ్యడం. ఒక్కో చదరానికి ఎదురుచూపులో ఒక ఐదు నిమిషాలు కరిగేవి. అయినవాటిని ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసేది. వాటితో ఏం చేస్తావని వదిన అడిగితే తనకీ తెలియదనేది.

పాప వచ్చే శుక్రవారానికి వారం ముందే బొంత పూర్తయింది. మంచం మీద పరిచి చూస్తే తొంభై ఆరు బాతులూ ఒకే వైపు, తలగడ దాటి కిటికీలోకి ఎగిరిపోతున్నట్టున్నాయి.

సోమవారం పొద్దున, డిపోలో టీ తాగుతుండగా ఆఫీసు మేడమ్ ఫోన్ చేసింది. గొంతులో ఏదో తటపటాయింపు. పాపకు మూడేళ్ళ తమ్ముడున్నాడట. ఐదేళ్ళ లోపు పిల్లల్ని వేరే చోట ఉంచుతారు కాబట్టి, నాలుగు నెలలుగా వాడు ఇంకో ఊళ్ళో ఉన్నాడు. వాణ్ణి తీసుకుంటామన్న కుటుంబం నిన్ననే వెనక్కి తగ్గింది. వాడి కాగితాలు సిద్ధంగానే ఉన్నాయి, శుక్రవారమే అక్కతో పాటు రావచ్చు. మీ ఇంటి తనిఖీలో ఇద్దరు పిల్లలకు సరిపడా చోటుందని రాసి ఉంది, కాబట్టి అడుగుతున్నాను, ఆలోచించుకుని రేపటిలోగా చెప్పండి, మొహమాటం వద్దు అంది.

"ఆలోచించడం అయిపోయిందండీ. ఇద్దరూ రావాలి," అంది హడావిడి.

ఫోన్ పెట్టేశాక గానీ మొగుణ్ణి అడగలేదని గుర్తు రాలేదు. వెంటనే అతని దుకాణానికి ఫోన్ చేసి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. అవతల చాలా గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి.

చివరికి అతను, "మంచం ఎంత పొడవుది కావాలి? మూడేళ్ళ వాడు ఎంతుంటాడు?" అన్నాడు.

టీ కొట్టు ముందే నిలబడి ఆమె ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. టీ కొట్టాయన ఏం జరిగిందో అడక్కుండా ఇంకో టీ పోసిచ్చాడు.

ఆ సాయంత్రం మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వదిన గదిలోకి వచ్చి పడింది. ఇంకో బొంత కావాలి. అక్కకి ఉండి తమ్ముడికి లేకపోతే ఎలా? కబురు ముందే అందిన వదిన అప్పటికే గుడ్డల దుకాణానికి ఫోన్ చేసింది. ఎర్ర చేపలు అయిపోయాయి, గళ్ళు అయిపోయాయి, కొత్త సరుకు వచ్చే నెలలో. దుకాణంలో వేరే రంగులున్నాయి గానీ, అవి వేరేవే. ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చున్నారు. హడావిడి చూపు బీరువా మీదున్న బిస్కెట్ల డబ్బా మీదికి పోయింది. వదిన చూపు కూడా సరిగ్గా అప్పుడే అటు తిరిగింది. డబ్బాను ఎవరు ముందు అందుకున్నారో తర్వాత ఇద్దరూ ఒప్పుకోలేదు.

బల్ల మీద గుమ్మరించి లెక్కపెట్టారు. నూట డెబ్భై ఆరు. కానీ అన్నీ ఒక్క కొలతలో లేవు. మొదటి రోజుల్లో హడావిడి వేసిన రెండో కుట్లు దారి తప్పిన బస్సులా అటూ ఇటూ పోయాయి. వదిన స్కేలు పెట్టి మూడున్నర అంగుళాలకి అన్నిటినీ చెక్కాలంది. ఆ పనికి గడియారాల ఆయన చెయ్యి సరిపోతుందని కబురు పెట్టారు. అతను వచ్చి, స్కేలు మీది గీతను చదరం మీది ఐమూల కుట్టుకి ఆనించి, చక్రం కత్తితో అంచులు తీయడం మొదలుపెట్టాడు. గంటన్నరలో అన్నీ అచ్చు గుద్దినట్టు వరసగా పేర్చాడు. తొమ్మిది కొలతకి అందలేదు.

"నూట అరవై ఏడు. పదహారు వరసలు, పదేసి. ఏడు మిగులుతాయి," అంది వదిన. "పిల్లాడి మంచానికి సరిగ్గా సరిపోతుంది అమ్మాయ్."

మర్నాడు హడావిడి సెలవు పెట్టింది. పొద్దున్నే బల్ల తీసేసి, నేల మీద దుప్పటి పరిచి చదరాలు పేర్చసాగారు. అక్కడ మొదలైంది అసలు సరదా. ఒక్క చదరాన్ని పావు వంతు తిప్పితే చాలు, బొమ్మ మొత్తం మారిపోతుంది. నాలుగు ముక్కల్ని ఒకలా కలిపితే గాలిమర. ఇంకోలా కలిపితే వజ్రం. అన్నీ ఒకే వైపు పెడితే రంపం పళ్ళు. హడావిడి మోకాళ్ళ మీద గది అంతా తిరిగింది. తిప్పినప్పుడల్లా కొత్తది పుట్టుకొస్తుంటే, దాన్ని చూసి ఇంకొకటి తిప్పకుండా ఉండలేకపోయింది. గాలిమరలే పెడదామంది. నలభై గాలిమరలు.

వదిన ఒప్పుకోలేదు. గాలిమర నడిమధ్యలో నాలుగు ముక్కల మొనలూ, కుట్ల మడతలన్నీ ఒకచోట కలుస్తాయి. లావెక్కి సూది విరుగుతుంది, మొనలు తప్పితే గాలిమర కుంటుతుంది, నలభైటిని శుక్రవారంలోగా సరిచేయడం తన వల్ల కాదంది. వదినా ఆడపడుచులు కాసేపు గట్టిగానే వాదించుకున్నారు. ఆ సందట్లో గడియారాల ఆయన, దుకాణానికి వెళ్తూ వెళ్తూ ఆగినవాడు, వంగి ఒక వరసలో ఒకదాన్ని కుడికి, పక్కదాన్ని ఎడమకి తిప్పుకుంటూ పోయాడు. రంగు కింద, మీగడ పైన. కొండలు వచ్చాయి. వరసకి ఐదు కొండలు.

ఇద్దరూ వాదన ఆపేసి చూశారు.

"బాతులు దీని మీదుగానే ఎగరాలి," అంది హడావిడి నెమ్మదిగా.

ఆ తర్వాత ఎవరూ ఏమీ తిప్పలేదు. మంగళవారం సాయంత్రానికి ఆరు వరసలు, బుధవారం మధ్యాహ్నానికి మిగిలిన పదీ. హడావిడి మిషను మీద, వదిన ఇస్త్రీ పెట్టె దగ్గర. పదకొండో వరస ఇస్త్రీకి వచ్చేసరికి వదిన దాన్ని ఎత్తి పట్టుకుంది. కొండలు తలకిందులుగా వేలాడుతున్నాయి. తొందరలో హడావిడి ముక్కలన్నీ తిరగేసి కుట్టేసింది. ఆమె నాలుక కరుచుకుంది. ఉన్నది రెండు రోజులు, దీన్ని ఇలాగే వదిలేద్దాం, మూడేళ్ళ వాడికి ఏం తెలుస్తుందని బతిమాలింది.

వదిన సూది కొనతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. "వాడికి తెలియకపోవచ్చు. నాకూ నీకూ తెలుసు కదా. ఇప్పటిదాకా వాడికి వచ్చినవన్నీ ఎవరో వదిలేసినవే. ఇదొక్కటైనా సరిగ్గా కుట్టి ఇద్దాం."

హడావిడి ఆ సూది అందుకుంది. తనే ఆ వరస తీసుకుని, జీవితంలో ఎన్నడూ లేనంత నిదానంగా, పది ముక్కలూ విప్పి మళ్ళీ కుట్టింది. గురువారం పొద్దున పైగుడ్డ, దూదిపొర, అడుగుగుడ్డ మూడూ కలిపి నిలువుగా గీతలు కుట్టారు. భోజనాల వేళకి అంచు కూడా అయింది. బొంతను ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దులిపితే గదిలో దారపు పోగులు ఎగిరాయి. వదిన మామూలుగా తన పనిని తను మెచ్చుకోదు. ఆ రోజు మాత్రం బొంతను మడతపెట్టబోయి, ఇంకోసారి పరిచి చూసుకుంది.

శుక్రవారం పదకొండు గంటలకి ముందుగా బాబు వచ్చాడు. ఆఫీసు మేడమ్ చెయ్యి పట్టుకుని, చెప్పులు ఒక కాలిది ఇంకో కాలికి మారిపోయి, ఎవరి మొహమూ చూడకుండా. హడావిడి పరిగెత్తి ఎత్తుకోవాలన్న కాళ్ళను అతికష్టం మీద ఆపుకుంది. గుమ్మం దగ్గరే కింద కూర్చుంది. వాడు తలుపు వెనక నిలబడి ఆమెను చూశాడు, ఆమె వాణ్ణి చూసింది. అరగంట తర్వాత రెండో కారు వచ్చింది.

పాపకు ఆ పొద్దున్నే చెప్పారట, తమ్ముడు కూడా వస్తాడని. నమ్మలేదో ఏమో, కారు దిగి, సంచి గుండెకు ఆనించుకుని, మెట్ల మీద నిలబడిపోయింది. బాబు తలుపు వెనకనుంచి బయటికి వచ్చాడు. మొదట అక్కను చూశాడు, తర్వాత జడ చూశాడు. దగ్గరికి వెళ్ళి ఆ జడ కొసను పట్టుకున్నాడు. పాప సంచి కింద పడేసి వాడి చెప్పులు సరిచేసింది.

వదిన మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళింది. గడియారాల ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

గదిలో రెండు మంచాలు, రెండు బొంతలు. పెద్దది పాపదని, చిన్నది బాబుదని హడావిడి చెప్పేలోపే వాడు పెద్ద బొంత కిందికి దూరి బాతుల మధ్యలోంచి తల బయట పెట్టాడు. పాప చిన్న బొంతను లాక్కుంది. కొండల మీద వేలు పెట్టి వెతుక్కుంటూ పోయి, ఎర్ర చేపలున్న కొండ దగ్గర ఆగింది. పెద్ద బొంతలోని ఎర్ర చేపల బాతును చూసింది. చిన్న బొంతను ఈడ్చుకొచ్చి రెండిటినీ పక్కపక్కన పెట్టింది. తర్వాత ఆకుపచ్చ గళ్ళు వెతికింది. అవీ రెండిట్లోనూ ఉన్నాయి. ఇల్లు చేరినప్పటి నుంచి ఒక్క మాటా మాట్లాడని పిల్ల, తల ఎత్తి, గుమ్మంలో నిలబడ్డ హడావిడిని చూసింది.

"తమ్ముడికి ఆకలేస్తోంది," అంది.

హడావిడి వంటింట్లోకి పరిగెత్తింది.